పదిహేడంగుళాల తెర

అరోరా ఊళ్ళో మా కాలనీ తెలుగువాళ్ళలో ఎవరింట్లో పిల్లలు కాలేజీకి వెళ్తున్నా, లాప్‌టాప్ కొనే ముందు వీరభద్రరావు గారింటికి వెళ్ళిరావడం ఆనవాయితీ. షాపులో యూనిఫాం వేసుకున్నవాళ్ళు ఉంటారు, అడిగితే చెప్తారు. అయినా మనవాళ్ళకి మనవాడు చెప్తే తప్ప నమ్మకం కుదరదు. ఆయన ఒక ఇన్సూరెన్స్ కంపెనీ ఐటీ విభాగంలో పాతికేళ్ళుగా పనిచేస్తున్నారు. చేసేది గదంత పెద్ద కంప్యూటర్ల మీద పని. దానికీ లాప్‌టాప్‌కీ ఉన్న సంబంధం లారీకీ స్కూటర్‌కీ ఉన్నంత. ఆ సంగతి ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

ఆయన పద్ధతి మాత్రం ముచ్చటగా ఉంటుంది. పొద్దున తినే సీరియల్ అట్టడబ్బాలు కత్తిరించి, రెండు మూడు పొరలు అతికించి, పదమూడు, పద్నాలుగు, పదహారు, పదిహేడు అంగుళాల లాప్‌టాప్‌ల సైజుకి అట్టలు చేసిపెట్టుకున్నారు. తెర సైజంటే మూల నుంచి మూలకి కొలత కదా, దాన్నుంచి పొడవు, వెడల్పు లెక్కగట్టి ఇచ్చింది ఆయన భార్య పద్మజ గారు. పెళ్ళికి ముందు ఆవిడ తెనాలిలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవారు. ఒక్కో అట్ట వెనకా జిప్ సంచిలో సోనామసూరి బియ్యం పోసి టేపు వేశారు, బరువు కూడా తెలియాలని. పిల్లలు రాగానే సోఫాలో కూర్చోబెట్టి అట్ట ఒళ్ళో పెడతారు. బ్యాగులో పెట్టి భుజానికి తగిలించి, మెట్లెక్కి దిగమంటారు. ఒకసారి మా అబ్బాయి అక్షయ్ మెట్ల మీద ఉండగా సంచి చిరిగి, బియ్యం కిందదాకా దొర్లాయి. పద్మజ గారు వాక్యూమ్ తెచ్చి, ఏమీ అనకుండా ఊడ్చేశారు.

అట్టలకంటే ముందు ఒక ప్రశ్న ఉంటుంది. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుంటూ, పెద్ద డాక్టరులా అడుగుతారు. "సో, దీంతో నువ్వు ఏం చేయబోతున్నావ్?"

"కాలేజ్‌కి, అంకుల్."

"కాలేజ్‌లో ఏం చేస్తావ్? డిజైన్ చేస్తావా, కోడ్ రాస్తావా, వీడియోలు ఎడిట్ చేస్తావా? సైజ్ తర్వాత. మోడల్ తర్వాత. ముందు అది చెప్పు."

జవాబు వచ్చేదాకా అట్టల జోలికి వెళ్ళరు. ఆ జవాబు వెతుక్కుంటూనే మా అక్షయ్ కాలేజీలో చదివే మేజర్ సబ్జెక్టే మార్చుకున్నాడని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటాం.

సైజుల విషయంలో ఆయన మాటకి తిరుగులేదు. పాత మోడళ్ళ దగ్గరే ఆయనకో పిచ్చి ఉంది. "మోడల్ పాతదైతే ఏంటి జగన్, బాడీ చూడు," అంటారు నాతో. ఆయన సొంత లాప్‌టాప్ ఫ్యాను తిరిగిందంటే పక్కగదిలో మిక్సీ వేశారనుకోవాలి. ఆఫీసుల కోసం తయారుచేసిన పాత మెషీన్లు చవకగా అమ్మే అవుట్‌లెట్‌లో కనబడితే ఆయనకి పండగ. కానీ రెండేళ్ళ కిందట ఆయన కూతురు మాయ శాంపేన్ అనే ఊళ్ళో కాలేజీకి వెళ్తున్నప్పుడు ఆ పిచ్చి ఏమైపోయిందో తెలీదు. అప్పుడే విడుదలైన పద్నాలుగంగుళాలది కొన్నారు. ప్రాసెసర్ ఏ తరానిదో, ఏ సంవత్సరం దాకా అప్‌డేట్లు వస్తాయో కంపెనీ సైట్‌లో వెతికి మరీ చూశారు. "నాలుగేళ్ళు చదువు, తర్వాత ఇంటర్న్‌షిప్, తర్వాత జాబ్. మధ్యలో సపోర్ట్ ఆగిపోయిందంటే దాని కెరీర్ ఏమవుతుంది?" అని నాతో అన్నారు. శనివారాలు మేమిద్దరం కలిసి వాకింగ్‌కి వెళ్తాం, అప్పుడు అన్న మాట అది. అంటే ఆయనకి తెలుసు. ఈ ఒక్క ముక్కా గుర్తుంచుకోండి.

మొన్న నవంబరులో, థాంక్స్‌గివింగ్‌కి ముందు వారం, రేణు ఆయన ఇంటికి వచ్చింది. రేణు మా వెనక వీధిలో ఉండే ఫణి భార్య. గుంటూరు పిల్ల. పెళ్ళయి ఇక్కడికొచ్చి తొమ్మిదేళ్ళు. వర్క్ పర్మిట్ చేతికొచ్చి ఏడాదైందేమో. ఒక బాబు, విహాన్, బడికెళ్తున్నాడు. వీరభద్రరావు గారిది కూడా గుంటూరు వైపేనని తెలిసిన రోజునుంచీ ఆయన్ని బాబాయ్ గారని, పద్మజ గారిని పిన్ని అని పిలుస్తుంది. మాకందరికీ ఆమె అంటే ఫణి వాళ్ళావిడ. తలా ఒక వంట చేసి తెచ్చే పొట్‌లక్‌లో పులిహోర ఆమెదే ముందు అయిపోతుంది. అంతకుమించి ఆమె గురించి ఎవరికీ ఏమీ తెలియదు.

ఆ రోజు జరిగిన మాటలు నాకు తర్వాత పద్మజ గారు చెప్పారు. ఆవిడకి ప్రతి ముక్కా గుర్తుంది.

"బాబాయ్ గారూ, షాప్‌లో ఒకటి చూశాను. పద్నాలుగు ఇంచెస్. ఈ ఇయర్ మోడలంట. పట్టుకుని చూస్తే నాకు బాగా నచ్చింది. తీసుకోమంటారా?" అని రేణు ఫోన్‌లో ఫోటో చూపించిందట.

ఆయన ఫోటో సరిగ్గా చూడను కూడా లేదు. "నీకెందుకమ్మా అంత చిన్నది? బయటికి మోసుకెళ్ళే పనేమన్నా ఉందా? కిచెన్‌లో కౌంటర్ మీద పెట్టుకుంటావ్. వంటల వీడియోలకీ, మీ అమ్మగారితో వీడియో కాల్‌కీ పెద్దదైతే కళ్ళకి హాయి. సెవెంటీన్ తీసుకో."

"అది కొత్త మోడల్ కదా అని..."

"కొత్త మోడల్ అంటే పేరు మారుస్తారంతే. అవుట్‌లెట్‌లో పాత ఆఫీస్ మోడల్ ఒకటుంది, ఇనప్పెట్టె లాంటిది. నువ్వు ఊరికే తిరగొద్దు, నేను తెస్తాగా."

రేణు ఏదో చెప్పబోయిందట. చెప్పబోయి, కాఫీ తెస్తున్న పద్మజ గారి వంక చూసి ఊరుకుందట. అట్టలు బీరువాలోంచి బయటికి రాలేదు. కళ్ళజోడు తుడుచుకోవడం జరగలేదు. పదిహేడేళ్ళ పిల్లలందరినీ అడిగే ఆ ప్రశ్న ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషిని అడగాలని ఆయనకి తట్టలేదు.

పండగ డీల్స్‌లో రేణు డబ్బుతో ఆయనే కొని తెచ్చేశారు. అప్పటికే మూఢం మొదలైంది. ఫిబ్రవరి సగం దాకా పోదు.

"మూఢం పోయాక ఓపెన్ చేస్తాను బాబాయ్ గారూ. రిటర్న్ డేట్ మాత్రం జనవరితో అయిపోతుందంటున్నారు, ఫర్వాలేదా?" అని రేణు అడిగింది.

ఆయన నవ్వారు. "దీన్ని రిటర్న్ చేసే పనేముంటుందమ్మా? పెట్టెలో ఉంటే పాడైపోవడానికి ఇదేమన్నా పాల డబ్బానా?"

పెట్టె వాళ్ళ క్లాజెట్‌లోకి వెళ్ళింది. సీలు తీయకపోయినా లోపలున్న మెషీన్ వయసు పెరుగుతూనే ఉంటుందని కంప్యూటర్లలో తల పండినవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. ఇక వంటల వీడియోలు చూసుకునే లాప్‌టాప్‌కి ఎవరైనా మంచిరోజు కోసం అన్నాళ్ళు ఆగుతారా? ఆ అనుమానం కూడా ఆయనకి రాలేదు. మాకెవరికీ రాలేదు.

మూఢం వెళ్ళాక రేణు దాన్ని తెరిచి, మూత మీద పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, ఒక చామంతి పువ్వు ఉంచి, ఫోటో తీసి మా కాలనీ గ్రూపులో పెట్టింది. వీరభద్రరావు గారు బొటనవేలు గుర్తు పెట్టి, 'సాలిడ్ మెషీన్' అని రాశారు.

మార్చిలో ఒక శనివారం పొద్దున ఫణి నాకు ఫోన్ చేశాడు. "అన్నా, మీ పర్సనల్ లాప్‌టాప్ ఉందా? ఒక్కసారి మా ఇంటికి తేగలరా? అర్జెంట్," అన్నాడు. గొంతు అదోలా ఉంది. చార్జర్ వెతుక్కుని, కారు అద్దం మీద మంచు గీకి, నేను వెళ్ళేసరికి తలుపు తీసే ఉంది.

డైనింగ్ టేబుల్ మీద ఒక్క వస్తువు లేదు, లాప్‌టాప్ తప్ప. గోడ మీద వెంకటేశ్వరస్వామి పటం ఉండే చోట మేకు ఒక్కటే కనిపిస్తోంది. వీరభద్రరావు గారు ఇంట్లో వేసుకునే చెప్పులతోనే మంచులో నడిచొచ్చినట్టున్నారు, కుర్చీ కింద నీళ్ళు మడుగు కట్టాయి. రేణు ఇస్త్రీ చేసిన కుర్తా వేసుకుని, చేతిలో ఐడీ కార్డు పట్టుకుని, ఆయన పక్కన నిలబడి ఉంది. అంత పెద్ద తెర మీద ఒకటే వాక్యం ఉంది. ఈ కంప్యూటర్‌లో ఈ పరీక్ష నడవదు, సిస్టమ్ అప్‌డేట్ చేసుకోండి. ఆయన అప్‌డేట్ నొక్కుతున్నారు. ఈ కంప్యూటర్‌కి కొత్త సిస్టమ్ ఎక్కదు అంటోంది. మళ్ళీ నొక్కుతున్నారు.

"రీస్టార్ట్ చేస్తే... ఒక్కోసారి రీస్టార్ట్ చేస్తే..." అంటున్నారు ఆయన, ఎవరితోనో తెలియకుండా.

ఫణి నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. ఒక హాస్పిటల్ గ్రూపులో డేటా ఎనలిస్ట్ ఉద్యోగానికి పరీక్ష అది. ఇంట్లోనే రాయాలి. గదిలో ఎవరూ ఉండకూడదు, టేబుల్ మీద, గోడల మీద ఏమీ ఉండకూడదు, కెమెరా చూస్తూ ఉంటుంది. పరీక్ష రాసే ప్రోగ్రాం లింకు ఆ పొద్దునే వస్తుంది. ఇచ్చిన టైములోపు లోపలికి వెళ్ళకపోతే తలుపు మూసుకుపోయినట్టే. ఫణి లాప్‌టాప్ ఆఫీసుది, బయటి ప్రోగ్రాం ఏదీ అందులో పెట్టనివ్వరు. లైబ్రరీ కంప్యూటర్లలో కూడా అంతే.

నా లాప్‌టాప్ పెట్టాం. లింకు తెరుచుకుంది. టైము అయిపోయిందని మర్యాదగా రాసి ఉంది.

 ముందు కదిలింది రేణు. ఐడీ కార్డు పర్సులో పెట్టుకుంది. "మీరేం చేస్తారు బాబాయ్ గారూ, లేవండి. పాదాలు తడిసిపోయాయి, టవల్ తెస్తాను," అంది.

"ఇది... ఇది ఏం టెస్టమ్మా? నువ్వు ఏం చదివావసలు?" అని ఆయన అప్పుడు అడిగారు.

రేణు చెప్పింది. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు హైదరాబాద్‌లో, కొత్త మందులు ఎవరి మీద పనిచేస్తున్నాయో, ఎవరి మీద చేయడం లేదో లెక్కలు తేల్చే కంపెనీలో ఉద్యోగం. పర్మిట్ వచ్చిన దగ్గర్నుంచి, విహాన్‌ని బడిలో దించి, లైబ్రరీలో కూర్చుని కొత్త సాఫ్ట్‌వేర్లు నేర్చుకుంది. ఇంటర్వ్యూలు రెండు దాటింది. ఇదొక్కటే మిగిలింది. మధ్యలో కుదరకపోతే నలుగురిలో నవ్వులపాలవుతానని ఎవరికీ చెప్పలేదు.

"మంచిరోజు చూసి మొదలుపెడదామని ఆగాను," అని నవ్వబోయింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "మాయది కూడా ఇలాగే ఆగిపోతుందేమో, ఒకసారి చూసుకోమనండి బాబాయ్ గారూ. ఎగ్జామ్ టైంలో పాపం ఇబ్బంది పడుతుంది," అంది.

ఆమె నిజంగానే మాయ కోసం అంది. వీరభద్రరావు గారి మొహం పాలిపోయింది.

"లేదమ్మా. దానిది ఆగదు," అన్నారు.

నేను కారులో దింపుతానంటే వద్దన్నారు. నడిచే వెళ్దామన్నారు. ఆ తడి చెప్పులతోనే, చలిలో, తల దించుకుని నడిచారు. మలుపు దగ్గర ఆగిపోయారు.

"నాకు తెలియక కాదు జగన్. తెలియకపోతే బాగుండేది. మాయకి కొనేటప్పుడు డేట్లన్నీ చూశా. రేణుకి చూడలేదు. రెండు నిమిషాల పని."

"మర్చిపోయుంటారు," అన్నాను.

"మర్చిపోలేదు. ఇంట్లో ఉండే ఆడపిల్ల, ఏం చేస్తుందిలే అనుకున్నా. అనుకోవడం కూడా కాదు. అడగాల్సిన మనిషిలా కనపడలేదు నాకు. సిగ్గేస్తోంది. చచ్చేంత సిగ్గేస్తోంది."

 ఫర్వాలేదు అనడానికి నాకు నోరు రాలేదు.

ఆ తర్వాత ఆయన దొంగలా బతికారు. ఉగాదికి గుడి హాల్లో అందరం కలిస్తే మోకాలి నొప్పి అని రాలేదు. మోకాలు శుభ్రంగా ఉంది, ఆ పొద్దున నాతో వాకింగ్‌కి వచ్చింది. ఇండియన్ స్టోర్‌లో కందిపప్పు దగ్గర రేణు కనపడితే, బండి అక్కడే వదిలేసి, ఫ్రోజెన్ పరోటాల వెనక నిలబడ్డారట, ఆమె బయటికి వెళ్ళేదాకా. పద్మజ గారు ఒక్కరే బిల్లు కట్టుకుని వచ్చారు. నా స్నేహితుడొకాయన కూతురు సాన్వికి కాలేజీ సీటొచ్చిందని తీసుకెళ్తే, "నేను మానేశానండీ, షాప్‌లో అడగండి," అని గుమ్మంలోంచే పంపేశారు. అందరూ ఆయనకి ఒంట్లో బాగాలేదనుకున్నారు.

"అమ్మాయి ఇంటికెళ్ళి ఒక్క మాట చెప్పి రండి," అని పద్మజ గారు రోజూ అనేవారట. ఏప్రిల్ చివర్లో వెళ్ళారు. మర్నాడు ఆయనే నాకు చెప్పారు.

హాస్పిటల్ వాళ్ళు ఖాళీలు నిండిపోయాయని రాశారు. రేణు వేరేవాటికి అప్లై చేస్తోంది. టేబుల్ మీద ఒక లాప్‌టాప్ తెరిచి ఉంది, తెర నిండా అంకెల వరసలు. పద్నాలుగంగుళాలది. అప్పట్లో తను ఫోటో చూపించిన మోడలే. ఈసారి ఎవరినీ అడగకుండా వెళ్ళి తెచ్చుకుంది.

"తప్పు నాదమ్మా. చూడాల్సింది చూడలేదు. నిన్ను అడగాల్సింది అడగలేదు," అన్నారు ఆయన.

"నా తప్పూ ఉంది బాబాయ్ గారూ. నాకేం కావాలో నాకు తెలుసు. మీరు పెద్దవాళ్ళు, వద్దంటున్నారు కదా అని ఊరుకున్నాను. ఇంక అలా ఊరుకోను," అంది రేణు. టీ ఇచ్చింది. పాత లాప్‌టాప్ తనకిమ్మని, దాని ఖరీదు ఇచ్చేస్తానని ఆయన అంటే, డబ్బు మాట ఎత్తవద్దంది. లోపలికెళ్ళి దాన్ని తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది.

"పిన్నిగారికి ఇవ్వండి. వంటల వీడియోలకి బాగుంటుంది. పెద్దది కదా, కళ్ళకి హాయి."

ఆయన మాటలే అవి. ఆమె వెటకారంగా అని ఉంటే తట్టుకునేవాణ్ణి అన్నారు నాతో. మామూలుగా అంది. మంచి వస్తువు మూలపడి పోకూడదని, ఎవరికి పనికొస్తుందో ఆలోచించి మరీ ఇచ్చింది. రెండు వీధులూ దాన్ని గుండెకి ఆనించుకుని మోసుకొచ్చారు. ఆ బియ్యం సంచులు ఈ బరువు ఎప్పుడూ సరిగ్గా చూపించలేదు జగన్, అన్నారు.

ఇప్పుడది వాళ్ళ వంటింటి కౌంటర్ మీద ఉంది. రేణు పెట్టిన బొట్టు మూత మీద ఇంకా ఎర్రగా కనిపిస్తూనే ఉంది, పద్మజ గారు తుడవనివ్వలేదు. చక్కగా పనిచేస్తోంది. ఒక్కసారి కూడా ఆగలేదు. ఆయన దేనికని కొన్నారో దానికి దివ్యంగా సరిపోయింది, అదే ఆయన ప్రాణం తీస్తోంది. కాఫీ కలుపుకోవడానికి వెళ్ళినప్పుడల్లా దాని వంక చూడకుండా పాలు తీసుకోవడం నేర్చుకున్నారు.

మొన్న ఆదివారం పొద్దున నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. వంటింటి బల్ల దగ్గర కూర్చుని మేమిద్దరం కాఫీ తాగుతున్నాం. పద్మజ గారు వీడియో పెట్టుకుని కూరలు తరుగుతున్నారు. ఆవిడ కళ్ళు తెర మీద లేవు. ఏ వంటా ఆవిడకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఊరికే ఏదో ఒక గొంతు వినపడుతూ ఉంటుందని పెట్టుకుంటారేమో. వీరభద్రరావు గారు ఆవిడ వీపు వంక చాలాసేపు చూశారు. తర్వాత కప్పు కింద పెట్టి, కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టారు.

"పద్మా, దీంతో నువ్వు ఏం చేద్దామనుకుంటున్నావ్?"

"దొండకాయ వేపుడు," అన్నారావిడ, తల తిప్పకుండా.

"అది కాదు. నిజంగానే అడుగుతున్నా. నీకేం చేయాలనుందో చెప్పు. మళ్ళీ లెక్కలు చెప్తావా, ఏదన్నా నేర్చుకుంటావా... ఏదైనా సరే."

కత్తి ఆగింది. ఆవిడ వెనక్కి తిరిగి ఆయన్ని చూశారు. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండునని నాకే అనిపించింది.

"ఇందులో కొత్తదేదీ ఎక్కదన్నారుగా," అని మళ్ళీ దొండకాయల వైపు తిరిగారు.

ఆయన చేతిలో కళ్ళజోడు అలాగే ఉండిపోయింది. నేను కాఫీ సగంలో వదిలేసి, పని ఉందని చెప్పి, లేచి వచ్చేశాను.